ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు లాప్‌టాప్‌లకు బెంచ్‌మార్కులో ఇంత తేడా ఎందుకు? ఏ అంకెను నమ్మాలి?

#1 · చిత్రావతి_09

అందరికీ నమస్కారం. ఇంటెల్ కోర్ ఐ5-1235యూ ఉన్న రెండు లాప్‌టాప్‌ల రివ్యూలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగం కొలిచే ప్రోగ్రామ్) సింగిల్ కోర్‌లో రెండూ దాదాపు సమానం. మల్టీ కోర్‌కి వచ్చేసరికి ఒకటి రెండోదాని కంటే మూడో వంతు వెనకబడింది. అలాంటిదే ఇంకోటి, గీక్‌బెంచ్ 6లో మాత్రం అంత తేడా లేదు. చిప్ ఒకటే, కోర్లు అవే 10 (2 పెద్దవి, 8 చిన్నవి), థ్రెడ్లు అవే 12.

దీని మీద చేయాల్సిన పనులు మూడు: జావా ప్రాజెక్టు బిల్డ్ (కోడ్‌ను నడపడానికి సిద్ధం చేయడం), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఒక చిన్న భాషా మోడల్‌ను లాప్‌టాప్‌లోనే నడిపి తెలుగు వాక్యాలు సరిచేయించడం. ఈ పనులకు ఏ బెంచ్‌మార్కు చూడాలి? సొంతంగా కొలవాలంటే ఎలా కొలవాలి?

#2 · ఫ్యాన్_మోత

చిప్ ఒకటే అయినా దానికి అందే వాట్లు ఒకటి కావండి. ఈ చిప్ బేస్ పవర్ 15 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 55 వాట్లు. బయోస్‌లో (లాప్‌టాప్ మూల సాఫ్ట్‌వేర్) రెండు పరిమితులు ఉంటాయి. కాసేపటి ఉరుకుకి పీఎల్2, ఆగకుండా సాగే పనికి పీఎల్1. పీఎల్2లో ఎంతసేపు ఉండనివ్వాలో చెప్పేది టౌ, మామూలుగా 28 సెకన్లు. ఈ మూడూ లాప్‌టాప్ తయారీదారు చేతిలో ఉంటాయి. సన్నటి మోడల్‌లో పీఎల్1ని 15 దగ్గరే కట్టేస్తారు, రెండు ఫ్యాన్లున్న మోడల్‌లో 25 దాటి ఇస్తారు. పెట్టె మీద మాత్రం రెండింటికీ అదే పేరు.

సింగిల్ కోర్ పరీక్షకు ఈ పరిమితి పెద్దగా అడ్డు రాదు, అందుకే అక్కడ సమానం. గీక్‌బెంచ్‌లో ఒక్కో చిన్న పరీక్ష కొన్ని సెకన్లే, మధ్యలో విరామం కూడా ఉంటుంది, చిప్ ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే అక్కడా తేడా తగ్గింది. సినీబెంచ్ ఆర్23 డిఫాల్ట్‌గా కనీసం 10 నిమిషాలు అన్ని కోర్లనూ నిండుగా నడుపుతుంది కాబట్టి పీఎల్1 అసలు రంగు బయటపడుతుంది.

మీరే కొలవాలంటే ఇలా చేయండి.

1. ఛార్జర్ పెట్టండి. విండోస్ పవర్ మోడ్, తయారీదారు ఇచ్చిన ఫ్యాన్ మోడ్ రెండూ ఏవో రాసుకోండి. బ్యాటరీ మీద తీసిన అంకెను ఛార్జర్ మీద తీసినదానితో కలపొద్దు.
2. రీస్టార్ట్ చేసి 10 నిమిషాలు వదిలేయండి. అప్‌డేట్లు, ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్ సద్దుమణగాలి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 2-3 శాతం లోపుకి దిగాకే మొదలుపెట్టండి.
3. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సెన్సర్లు తెరిచి ప్యాకేజ్ పవర్, కోర్ ఉష్ణోగ్రత, క్లాక్, థ్రాట్లింగ్ (చిప్ తన వేగం తగ్గించుకోవడం) గుర్తులు 2 సెకన్లకోసారి ఫైలులోకి లాగ్ అయ్యేలా పెట్టండి.
4. సినీబెంచ్ పూర్తి 10 నిమిషాలు నడపండి.
5. లాగ్‌ను స్ప్రెడ్‌షీట్‌లో గీసి చూడండి. మొదటి అర నిమిషం తర్వాత వాట్లు మెట్టులా దిగి, ఉష్ణోగ్రత 70 దగ్గర ఉంటే ఆపుతున్నది పవర్ పరిమితి. ఉష్ణోగ్రత 95-100 దగ్గర అంటుకుపోయి, వాట్లు పీఎల్1 కంటే కూడా కిందికి జారుతుంటే ఆపుతున్నది కూలింగ్. మొదటిది సెట్టింగుతో కొంత మారొచ్చు. రెండోదానికి దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ మార్చడం లాంటివే దారి.

స్కోరు ఒక్కటే రాసుకుంటే ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలియదు. లాగ్ తప్పనిసరి.

#3 · రెంటచింతల_ఎండ

పైదానికి ఒక్క చేర్పు. గది ఉష్ణోగ్రత రాయని స్కోరు మన ప్రాంతంలో పనికిరాదు. లెక్క చూడండి. చిప్ 100 డిగ్రీల దగ్గర తనను తాను తగ్గించుకుంటుంది అనుకుందాం. గది 25 డిగ్రీలుంటే చేతిలో ఉన్న వెసులుబాటు 75 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని గది 40 అయితే 60 డిగ్రీలే. కూలింగ్ ఒక్కో వాటుకు 3 డిగ్రీలు పెరిగే రకమైతే మొదటి గదిలో 25 వాట్లు మోస్తుంది, రెండో గదిలో 20. లాప్‌టాప్ మారలేదు, సెట్టింగు మారలేదు, ఐదో వంతు పవర్ పోయింది. ఏసీ ల్యాబులో తీసిన రివ్యూ అంకె మన మధ్యాహ్నానికి వర్తించదు.

ఫ్యాన్ గాలి లాగే చోట ఒక థర్మామీటర్ పెట్టి, పరీక్ష మొదట్లో, చివర్లో రెండు అంకెలూ రాయండి. గోడ మీద ఏసీ చూపించే అంకె కాదు, లాప్‌టాప్ పీల్చే గాలి వేడి కావాలి.

#4 · చిత్రావతి_09

అర్థమైంది. అయితే ఒక రివ్యూలో మెమొరీ 8 జీబీ ఒక్క స్టిక్, ఇంకోదాంట్లో రెండు స్టిక్‌లు అని ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

#5 · ఫ్యాన్_మోత

సినీబెంచ్‌కు అంతగా లేదు, అది కోర్ల మీద, క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమొరీ) మీద నడిచే పని. గ్రాఫిక్స్‌కు మాత్రం బాగా ఉంది. డీడీఆర్4-3200 ఒక్క ఛానెల్ సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది, రెండు ఛానెల్స్ అయితే 51.2. ఒక్క స్టిక్‌తో ఉంటే ఈ చిప్ గ్రాఫిక్స్ పేరే ఐరిస్ ఎక్స్‌ఈ అని కాకుండా యూహెచ్‌డీ అని కనిపిస్తుంది. ఇంటెల్ ఆ పేరుకు డ్యుయల్ ఛానెల్‌ను షరతుగా పెట్టింది. మీ మూడో పని, భాషా మోడల్, పూర్తిగా ఈ అంకె మీదే ఆధారపడుతుంది. దాని గురించి తెలిసినవారు రాస్తారు.

#6 · కొలబద్ద

మొదటి ప్రశ్న మిగిలిపోయింది, ఏ బెంచ్‌మార్కు చూడాలి అని. అసలు ఆ మాట ఎక్కడిదో చూస్తే జవాబు సగం దొరుకుతుంది.

బెంచ్‌మార్కు సర్వేవాళ్ల మాట. రాతి మీద అడ్డంగా గీత చెక్కి, అందులో ఇనుప కోణాన్ని ఆనించి, దాని మీద లెవెలింగ్ స్టాఫ్ (ఎత్తు కొలిచే గీతల కర్ర) నిలబెట్టేవారు. ఆ కోణమే బెంచి. ఏళ్ల తర్వాత ఎవరొచ్చినా స్టాఫ్‌ను సరిగ్గా అదే ఎత్తులో పెట్టగలగాలి, గీత ఉన్నది అందుకే. మన దేశంలో జీటీఎస్ (గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వే) బెంచ్‌మార్కులు అలాంటివే. 1909లో ఎత్తులన్నిటినీ సరిచూసినప్పుడు ఆధారంగా తీసుకున్న తొమ్మిది రేవుల సముద్ర మట్టాల్లో విశాఖపట్నం ఒకటి. రైల్వే స్టేషన్ పలక మీద సముద్ర మట్టానికి ఇంత ఎత్తు అని రాసి ఉండే అంకెకు అర్థం వచ్చేది కూడా అలాంటి ఆధారం ఉండబట్టే.

కంప్యూటర్ బెంచ్‌మార్కుకూ అవే రెండు కావాలి. ఒక స్థిరమైన ఆధారం, ఎవరు చేసినా అదే అంకె వచ్చే పద్ధతి. స్పెక్ అనే సంస్థ ప్రాసెసర్లను కొలవడానికి ఇచ్చే స్పెక్ సీపీయూ 2017నే తీసుకోండి. అందులో 43 ప్రోగ్రాములు, నాలుగు గుంపులు. ఒక్కో ప్రోగ్రామ్‌కు మీ మెషీన్ తీసుకున్న సమయాన్ని ఒక పాత సన్ మెషీన్ తీసుకున్న సమయంతో పోల్చి నిష్పత్తి తీస్తారు. ఒక గుంపులోని నిష్పత్తులన్నిటికీ గుణోత్తర సగటు కట్టి ఒక్క అంకె ఇస్తారు. మూడుసార్లు నడిపితే మధ్య విలువ, రెండుసార్లే నడిపితే నెమ్మదైనది తీసుకోవాలి. కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) పేరు, దానికిచ్చిన ఆప్షన్లు, మెమొరీ, బయోస్ సెట్టింగులు అన్నీ ఫలితంతో పాటు ప్రకటించాలి.

'స్పీడ్', 'రేట్' అని రెండు రకాలున్నాయి. స్పీడ్ అంటే ఒక పని ఎంత త్వరగా అవుతుంది, రేట్ అంటే ఒకేసారి చాలా కాపీలు నడిపితే గంటకు ఎంత పని తెములుతుంది. ఆర్టీసీ బస్సుతో పోలిస్తే మొదటిది విజయవాడ ఎన్ని గంటల్లో చేరుతుంది అన్నది, రెండోది రోజుకు ఎంతమందిని చేరుస్తుంది అన్నది. మీ జావా బిల్డ్‌కు మొదటిది దగ్గర, సర్వర్‌కు రెండోది.

#7 · లెక్కల_పలక

> గుణోత్తర సగటు కట్టి ఒక్క అంకె

ఇది చాలామంది తడబడే చోటు, కాస్త విప్పి చెబుతాను. మెషీన్ 'క' మొదటి ప్రోగ్రామ్‌ను 2 సెకన్లలో, రెండోదాన్ని 40 సెకన్లలో చేసింది. మెషీన్ 'గ' 4 సెకన్లు, 20 సెకన్లు.

'క'ను ఆధారంగా తీసుకుంటే 'గ' సమయాల నిష్పత్తులు 2, 0.5. మామూలు సగటు 1.25. అంటే 'గ' పావు వంతు నెమ్మది. ఇప్పుడు 'గ'ను ఆధారంగా తీసుకోండి. 'క' నిష్పత్తులు 0.5, 2. సగటు మళ్లీ 1.25. ఈసారి 'క' నెమ్మది! కొలతలు అవే, ఆధారం మార్చగానే తీర్పు తిరగబడింది. గుణోత్తర సగటుతో 2ను 0.5తో గుణించి వర్గమూలం తీస్తే రెండు వైపులా 1. ఆధారం ఏదైనా మాట మారదు. నిష్పత్తులకు మామూలు సగటు కట్టొద్దని 1986లోనే ఫ్లెమింగ్, వాలెస్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో చూపించారు. రివ్యూల్లో నేటికీ ఆ తప్పు కనిపిస్తూనే ఉంది.

#8 · డేటా_దొరువు

లెక్క సరైనదే కానీ చిత్రావతి గారి అవసరానికి అది జవాబు కాదు. ఆ రెండు ప్రోగ్రాములనూ రోజుకు ఒక్కోసారి నడిపే మనిషికి 'క' మీద 42 సెకన్లు, 'గ' మీద 24 సెకన్లు. వారికి 'గ' స్పష్టంగా మేలు. గుణోత్తర సగటు ఆ సంగతిని 1 అనే అంకె కింద దాచేసింది.

#9 · లెక్కల_పలక

ఒప్పుకుంటాను. ఎవరు ఏ పని చేస్తారో తెలియని పట్టికకు గుణోత్తర సగటు. మీ పని మీకు తెలిసినప్పుడు దేన్ని రోజుకు ఎన్నిసార్లు చేస్తారో ఆ బరువులతో మొత్తం సమయం కూడటమే సరైనది.

#10 · కొలబద్ద

దీనికి తోడు ఇంకొకటి. ప్రతి బెంచ్‌మార్కుకూ ఆయుష్షు ఉంటుంది. స్కోరు అమ్మకానికి పనికొస్తుందని తెలిసిన క్షణం నుంచి దాన్ని పెంచడానికే ఇంజినీరింగ్ జరుగుతుంది.

1984లో రైన్‌హోల్డ్ వైకర్ రాసిన డ్రైస్టోన్ అనే బెంచ్‌మార్కు చూడండి. వ్యాక్స్ 11/780 అనే కంప్యూటర్ దాన్ని సెకనుకు 1,757 సార్లు చేస్తే ఆ వేగాన్ని 1 మిప్స్ (సెకనుకు పది లక్షల ఆదేశాలు) అన్నారు. ప్రోగ్రామ్ చిన్నది, మొత్తం క్యాష్‌లో పడుతుంది. సమయంలో పెద్ద భాగం స్ట్రింగ్ కాపీ, స్ట్రింగ్ పోలికలకే పోతుంది. కంపైలర్లు ఆ రెండింటినీ మెరుగుపరిస్తే చాలు, అంకె ఎగురుతుంది. మైక్రోకంట్రోలర్ కరపత్రాల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. దాని బదులు 2009లో వచ్చిన కోర్‌మార్క్ చూడండి, ఫలితాన్ని చివర్లో సరిచూస్తుంది కాబట్టి కంపైలర్ పనిని ఎగ్గొట్టలేదు.

స్పెక్ మొదటి సంకలనం 1989ది. అందులో మ్యాట్రిక్స్300 అనే ప్రోగ్రామ్ ఉండేది. పనంతా దాదాపు ఒక్క లైనులోనే. కంపైలర్లు ఆ గుణకారాన్ని క్యాష్‌కు సరిపడే ముక్కలుగా విడగొట్టగానే స్కోరు అనేక రెట్లు పెరిగింది. మిగతా ప్రోగ్రాములకు రవ్వంత లాభం లేదు. 1992 సంకలనంలో దాన్ని తీసేశారు. ఇది పాత కథ కూడా కాదు. 2024 ఫిబ్రవరిలో స్పెక్ 2,600కు పైగా సీపీయూ 2017 ఫలితాల మీద గుర్తు పెట్టింది. ఎక్స్‌ఎంఎల్‌ను మార్చే జలాన్ ప్రోగ్రామ్ గురించి ముందే తెలిసి ఉంటే తప్ప పనికిరాని కిటుకు ఇంటెల్ కంపైలర్‌లో ఉందని కారణం చెప్పింది.

ఫోన్లలోనూ ఇదే. 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4లో బెంచ్‌మార్కు యాప్ పేరు గుర్తుపట్టగానే గ్రాఫిక్స్ క్లాక్ 480 నుంచి 533 మెగాహెర్ట్జ్‌కు పెరుగుతోందని బయటపడింది. 2018లో 3డీమార్క్ కొన్ని హువావే ఫోన్లను తన జాబితా నుంచి తొలగించింది. పట్టుకునే ఉపాయం సులువు: అదే యాప్‌ను వేరే పేరుతో నడపడం. పేరు మార్చగానే అంకె పడిపోతే ఫోన్ కొలిచింది తన వేగాన్ని కాదు, ఆ పేరును.

సూపర్ కంప్యూటర్లదీ ఇంతే తీరు. టాప్500 జాబితాను 1993 నుంచి ఏటా రెండుసార్లు లిన్‌ప్యాక్ అనే పరీక్ష అంకెతో కడుతున్నారు. జపాన్ ఫుగాకు అందులో 442 పెటాఫ్లాప్స్. మెమొరీలో అటూ ఇటూ తిరిగే హెచ్‌పీసీజీ పరీక్షలో అదే యంత్రం 16. రెండూ నిజమే. రెండూ వేర్వేరు పనులు.

#11 · ఓరుగల్లు_పెంగ్విన్

డిస్కు సంగతి ఎవ్వరు రాయలే, నేను రాస్త. డేటాబేస్ అన్నరు కాబట్టి ఇదే ముఖ్యం.

డిస్కు వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌ల మొదటి వరుస చూసి సెకనుకు 7,000 ఎంబీ అని మురిసిపోవద్దు. అది పెద్ద ముక్కలను వరుసగా, ఎనిమిది ఒక్కసారే అడిగితే వచ్చే అంకె. పోస్ట్‌గ్రెస్ 8 కేబీ పేజీలను అక్కడొకటి ఇక్కడొకటి అడుగుతది. చూడాల్సింది చివరి వరుస, 4కే క్యూ1టీ1, అంటే 4 కేబీ ముక్కలను ఒక్కొక్కటిగ అడిగేది. అక్కడ 60 ఎంబీ వస్తే లెక్క ఇట్ల: 6 కోట్ల బైట్లను 4,096తో భాగిస్తే సెకనుకు సుమారు 14,600 అడుగులు, అంటే ఒక్కో జవాబుకు 68 మైక్రోసెకన్లు. ఒక క్వెరీ వంద పేజీలను ఒకదాని తర్వాత ఒకటి డిస్కు నుంచి చదివితే దాదాపు 7 మిల్లీసెకన్లు. 7,000 అన్న అంకెకు ఈ లెక్కల చోటే లేదు.

రెండోది, రాత పరీక్ష. దాని డిఫాల్ట్ ఫైలు 1 జీబీ. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ డిస్కులు (ఒక్కో సెల్‌ల 3, 4 బిట్లు దాచేవి) కొంత భాగాన్ని ఎస్‌ఎల్‌సీ క్యాష్‌గా (సెల్‌కు ఒక్క బిట్టే రాసే వేగమైన చోటు) వాడుకుంటయి, ఆ 1 జీబీ అందుల్నే మునిగిపోతది. క్యాష్ నిండినంక క్యూఎల్‌సీ వేగం హార్డ్‌డిస్కు స్థాయికి పడిపోవచ్చు. ఇంకా, డిస్కు 80 శాతం నిండి ఉంటే ఆ క్యాషే చిన్నగైతది. కొత్త డిస్కు మీద తీసిన అంకె ఆర్నెల్ల తర్వాత రాదు. స్నియా (స్టోరేజ్ కంపెనీల సంఘం) పద్ధతిల ముందు డిస్కును పూర్తిగా తుడిచి, మొత్తం సామర్థ్యానికి రెండింతలు రాసి, వరుసగా ఐదు రౌండ్ల ఫలితాలు స్థిరపడ్డంకనే కొలవాలె.

లైనక్స్‌ల ఎఫ్‌ఐఓ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రామ్ వాడున్రి. పెట్టాల్సినవి: డైరెక్ట్ 1 (లేకుంటే ర్యామ్‌ను కొలుస్తరు), బ్లాక్ సైజు 8కె, ర్యాండమ్ రీడ్ రైట్ 70-30, ఐఓ డెప్త్ 1తో ఒకసారి, 8తో ఒకసారి, ఫైలు సైజు ర్యామ్‌కు కనీసం రెండింతలు, ర్యాంప్ టైమ్ 30 సెకన్లు, టైమ్ బేస్డ్‌ల 600 సెకన్లు. ఫలితంల సగటు కాదు, కంప్లీషన్ లేటెన్సీ (జవాబుకు పట్టిన సమయం) కింద 99.00, 99.90 వరుసలు చూడున్రి.

హెచ్చరిక: ఫైలు పేరు ఇయ్యాల్సిన చోట డిస్కు డివైస్ పేరు ఇచ్చి రైట్ పరీక్ష పెడితే మొత్తం డేటా పోతది. అడగదు.

డీడీ అనే కాపీ కమాండ్‌తో సున్నాలు రాసి వేగం చెప్పేటోళ్లు ఉన్నరు. సింక్ ఆప్షన్ లేకుంటే అది పేజీ క్యాష్ వేగం. ఫైల్‌సిస్టమ్‌ల కంప్రెషన్ ఉంటే సున్నాలు డిస్కు దాకా పోనే పోవు.

#12 · డేటా_దొరువు

పెంగ్విన్ అన్న డిస్కు వరకు చెప్పాడు, దాని మీద పోస్ట్‌గ్రెస్ నేను చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పరీక్ష ప్రోగ్రామ్ పీజీబెంచ్‌లో స్కేల్ 1 అంటే అకౌంట్స్ టేబుల్‌లో లక్ష వరుసలు, సుమారు 15 ఎంబీ. 16 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో స్కేల్ 100 పెడితే 1.5 జీబీ, మొత్తం మెమొరీలోనే. స్కేల్ 2,000 పెడితే 30 జీబీ, ఇప్పుడు డిస్కు కనిపిస్తుంది. రెండూ నడపండి, రెండూ రాయండి.

స్కేల్‌ను 1 దగ్గరే వదిలి 16 క్లయింట్లతో నడపడం తరచూ జరిగే తప్పు. బ్రాంచెస్ టేబుల్‌లో వరుసలు స్కేల్ ఎంతో అన్ని. స్కేల్ 1 అయితే ఒకే వరుస. ప్రతి లావాదేవీ దాన్ని మార్చాలి కాబట్టి 16 మందీ ఒకే తాళం ముందు క్యూ కడతారు. అప్పుడు కొలిచేది తాళం కోసం ఎదురుచూపునే. స్కేల్ ఎప్పుడూ క్లయింట్ల సంఖ్య కంటే తక్కువ ఉండకూడదు.

ఎంతసేపు? చెక్‌పాయింట్ (మెమొరీలో మారిన పేజీలన్నీ డిస్కుకు రాయడం) డిఫాల్ట్ వ్యవధి 5 నిమిషాలు. ఒక్క నిమిషం పరీక్షలో చెక్‌పాయింట్ అసలు రాకపోవచ్చు, నిజంగా నడిచేటప్పుడు వచ్చే కుదుపు కనిపించదు. కనీసం 20-30 నిమిషాలు నడిపి, 10 సెకన్లకోసారి పురోగతి చూపించే ఆప్షన్ పెట్టి, పడిపోయిన చోట్లు గుర్తించండి. సింక్రనస్ కమిట్ ఆఫ్ చేసి తీసిన అంకెను ఆన్‌లో తీసినదానితో పోల్చొద్దు. మొదటిదాంట్లో డిస్కుకు చేరకముందే 'అయిపోయింది' అని చెబుతున్నట్టు లెక్క.

ఇక 99 శాతం లేటెన్సీ, అంటే నూటికి 99 రిక్వెస్టులకు ఎంత సమయంలోపు జవాబు వచ్చింది అన్నది. దీన్ని కొలిచే పద్ధతిలోనే ఒక గొయ్యి ఉంది. 60 సెకన్ల పరీక్ష, ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక రిక్వెస్టు పంపాలి, జవాబు 1 మిల్లీసెకనులో వస్తుంది అనుకోండి. మధ్యలో సర్వర్ 3 సెకన్లు బిగుసుకుపోయింది. పరీక్షించే ప్రోగ్రామ్ జవాబు వచ్చేదాకా తర్వాతిది పంపకుండా కూర్చుంటే దాని రికార్డులో 1 మిల్లీసెకనువి సుమారు 5,700, 3 సెకన్లది ఒక్కటి. 99 శాతం విలువ 1 మిల్లీసెకను అని చూపిస్తుంది. నిజానికి ఆ 3 సెకన్లలో 300 రిక్వెస్టులు రావాల్సి ఉంది, ఒకటి 3 సెకన్లు, తర్వాతది 2.99 సెకన్లు, అలా తగ్గుతూ ఎదురుచూడాలి. 6,000లో చివరి 1 శాతం అంటే 60. అవన్నీ 2.4 సెకన్ల పైనే. 1 మిల్లీసెకను ఎక్కడ, 2.4 సెకన్లు ఎక్కడ! గిల్ టెనే దీనికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టారు. పీజీబెంచ్‌లో రేట్ ఆప్షన్ ఇస్తే లేటెన్సీని పంపాల్సిన సమయం నుంచే లెక్కిస్తుంది, దాన్నే వాడండి. వెబ్ సర్వర్లకైతే డబ్ల్యూఆర్‌కే2 అనే ప్రోగ్రామ్.

#13 · బావర్చి_బైట్‌కోడ్

జావా వైపు కొద్దిగా. బిల్డ్ సమయం కొలవడానికి హైపర్‌ఫైన్ అనే ప్రోగ్రామ్ చాలు, తక్కువలో తక్కువ 10 సార్లు నడుపుతుంది. కానీ బిల్డ్ చేసే గ్రాడిల్ రెండోసారి ఏమీ కంపైల్ చేయదు, క్యాష్ నుంచి తీసిస్తుంది. ప్రతి రౌండ్‌కు ముందు క్లీన్ చేసే కమాండ్‌ను ప్రిపేర్‌లో ఇచ్చి, బిల్డ్ క్యాష్ ఆపేయండి. డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే గ్రాడిల్ ప్రాసెస్) చల్లగా ఉన్నప్పటి మొదటి బిల్డ్‌ను వేరే అంకెగా రాయండి. డిపెండెన్సీలు ముందే దిగి ఉండాలి, లేకపోతే ఇంటర్నెట్ వేగం కొలుస్తారు.

కోడ్ ముక్కను కొలవాలంటే జేఎంహెచ్ (జావా బెంచ్‌మార్కు టూల్) తప్ప చేతిరాత లూపులు వద్దు. జిట్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే పనిచేసే కంపైలర్) వేడెక్కకముందు ఒక వేగం, వేడెక్కాక ఇంకో వేగం. ఫలితాన్ని ఎక్కడా వాడకపోతే ఆ లెక్కనే తీసేస్తుంది. 'సున్నా నానోసెకన్లు' అని వచ్చిందంటే కోడ్ అసలు నడవలేదని. ఫలితాన్ని రిటర్న్ చేయండి, లేదా బ్లాక్‌హోల్‌కు ఇవ్వండి. డిఫాల్ట్‌లో 5 ఫోర్కులు (కొత్తగా మొదలుపెట్టే జావా ప్రాసెస్‌లు), ఒక్కోదాంట్లో 10 సెకన్ల వార్మప్‌లు 5, కొలతలు 5. అంటే ఒక్క పరీక్షకు 500 సెకన్లు. తొందరగా ఉందని ఫోర్కును 1కి తగ్గించొద్దు, జిట్ నిర్ణయాలు ప్రతి ఫోర్కులో కాస్త మారతాయి, ఆ తేడా కనిపించాలంటే ఫోర్కులే ఆధారం.

#14 · వర్ణసమామ్నాయం

మూడో పని, తెలుగు భాషా మోడల్. ఇక్కడ బెంచ్‌మార్కు అంకెలు మనవాళ్లను మిగతావారి కంటే ఎక్కువ తప్పుదారి పట్టిస్తాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు వేగం. భాషా మోడళ్లను సొంత కంప్యూటర్‌లో నడిపే లామా.సీపీపీతో వచ్చే లామా-బెంచ్ రెండు అంకెలిస్తుంది: 512 టోకెన్ల (మోడల్ మాటలను విడగొట్టుకునే ముక్కలు) ప్రాంప్టును చదివే వేగం, 128 టోకెన్లు రాసే వేగం. మొదటిది కోర్ల బలం. రెండోది మెమొరీ వేగం, ఎందుకంటే ఒక్కో టోకెన్ రాయడానికి మోడల్ మొత్తాన్నీ ఒకసారి మెమొరీ నుంచి చదవాలి. 800 కోట్ల పారామీటర్ల మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే సుమారు 4.9 జీబీ. 51.2ను 4.9తో భాగిస్తే సెకనుకు 10. అదే పైకప్పు, నిజంగా వచ్చేది దానికంటే తక్కువే. ఒక్క స్టిక్ ఉంటే పైకప్పు 5. ఫ్యాన్_మోత గారు #5లో చెప్పినది ఇదే. ఈ పనికి ప్రాసెసర్ మోడల్ కంటే రెండో స్టిక్ ముఖ్యం.

ఇప్పుడు అసలు చిక్కు. సెకనుకు 10 టోకెన్లు అంటే తెలుగులో ఎన్ని మాటలు? యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్లు. 'చదువుకున్నాడు' అన్న ఒక్క మాటలో 13 గుర్తులు, 39 బైట్లు. టోకెనైజర్‌ను (మాటలను టోకెన్లుగా విడగొట్టే భాగం) తెలుగు తగినంత లేని రాశి మీద తయారుచేసి ఉంటే ఈ ఒక్క మాట పది టోకెన్లు దాటిపోవచ్చు. ఇంగ్లిష్‌లో మామూలు మాట ఒకటి రెండు టోకెన్లలో అయిపోతుంది. కాబట్టి రెండు వేర్వేరు మోడళ్ల టోకెన్ల వేగాన్ని తెలుగు పనికి పోల్చడం తప్పు. టోకెన్ల వేగం తక్కువగా ఉన్న మోడలే తెలుగులో ముందు పూర్తిచేయవచ్చు.

చేయాల్సింది: మీరు నిజంగా సరిచేయించే రకం వాక్యాలు 200 తీసుకోండి. అందులో వార్తల భాష, మాట్లాడే భాష, మాండలికం, ఇంగ్లిష్ కలిసినవి ఉండాలి. ప్రతి మోడల్‌కు అవే ఇచ్చి, సెకనుకు ఎన్ని యూనికోడ్ గుర్తులు రాసిందో లెక్కించండి. అదే పోల్చదగిన వేగం. ప్రతిసారీ అదే జవాబు రావడానికి మోడల్ సెట్టింగుల్లో టెంపరేచర్ 0, సీడ్ స్థిరం.

నాణ్యత సంగతి. 57 విషయాల నాలుగు ఆప్షన్ల పరీక్ష ఎంఎంఎల్‌యూలో కళ్లు మూసుకుని టిక్కు పెట్టినా 25 శాతం వస్తుంది. కాబట్టి 30 అంటే దాదాపు ఏమీ రానట్టే. దాని ఇంగ్లిష్ స్కోరు తెలుగు వాక్యం దిద్దే నైపుణ్యం గురించి ఏమీ చెప్పదు. అనువాదానికి ఫ్లోరెస్-200 అనే పరీక్ష వాక్యాల సంకలనంలో తెలుగు ఉంది, పరీక్ష భాగంలో 1,012 వాక్యాలు. అనువాదానికి మార్కులు వేసే పద్ధతుల్లో అక్కడ బ్లూ స్కోరు కంటే సీహెచ్‌ఆర్‌ఎఫ్ చూడండి. 'ఇంట్లోంచి', 'ఇంటిలో నుంచి' ఒకటే అర్థం. మాటలు సరిచూసే బ్లూకు అవి పూర్తిగా వేరు, సున్నా వేస్తుంది. అక్షరాల వరుసలు సరిచూసే సీహెచ్‌ఆర్‌ఎఫ్ కొంత మార్కు ఇస్తుంది. ప్రత్యయాలు అంటుకునే మన భాషకు ఈ తేడా చిన్నది కాదు.

#15 · చిత్రావతి_09

చాలా ఉపయోగపడింది. 200 వాక్యాల్లో ఒక మోడల్ 62 శాతం సరిచేసి, ఇంకోటి 66 శాతం సరిచేస్తే రెండోదాన్నే ఎంచుకోవచ్చా? అలాగే బిల్డ్ సమయంలో 3 శాతం తేడా వస్తే అది నిజమైన తేడానా?

#16 · లెక్కల_పలక

మోడల్ విషయంలో కాదు. 200 వాక్యాలతో 60ల్లో ఉన్న శాతానికి పొరపాటు హద్దు అటూ ఇటూ 7 పాయింట్లు. 62కీ 66కీ తేడా ఆ హద్దులోనే ఉంది. ఒక మార్గం వాక్యాలు పెంచడం. 800 చేస్తే హద్దు సగమవుతుంది, నాలుగింతల పనికి రెండింతల స్పష్టత. ఇంకో మార్గం వాక్యం వాక్యానికి జతగా చూడటం. రెండూ సరిగ్గా చేసినవి, రెండూ తప్పినవి పక్కన పెట్టి, ఒకటి గెలిచి ఇంకోటి ఓడినవి మాత్రమే లెక్కించండి. అవి 30 ఉండి 19-11 అయితే ఇంకా తేలనట్టే. 26-4 అయితే తేలినట్టు.

బిల్డ్ విషయంలో ముందు ఒకే మెషీన్‌ను తనతోనే పోల్చండి. ఉదయం 10 సార్లు, సాయంత్రం 10 సార్లు, ఏమీ మార్చకుండా. రెండు మధ్య విలువలకూ 4 శాతం తేడా వచ్చిందంటే మీ కొలత శబ్దమే 4 శాతం, 3 శాతం తేడా గురించి మాట్లాడే హక్కు ఆ కొలతకు లేదు. రెండు సెట్టింగులను పోల్చేటప్పుడు మొదటిది పదిసార్లు, తర్వాత రెండోది పదిసార్లు కాకుండా ఒకటి విడిచి ఒకటి నడపండి. లాప్‌టాప్ వేడెక్కే కొద్దీ రెండోదానికి అన్యాయం జరగకుండా ఉంటుంది. సగటు బదులు మధ్య విలువ, దాంతో పాటు కనిష్ఠం, గరిష్ఠం రాయండి.

#17 · చిత్రావతి_09

చివరి సందేహం. పాత లాప్‌టాప్‌కు ఆర్23 స్కోరు దొరికింది, కొత్తదానికి సినీబెంచ్ 2024 స్కోరే ఉంది. ఏదైనా గుణకంతో మార్చుకోవచ్చా?

#18 · ఫ్యాన్_మోత

కుదరదండి. 2024లో రెండరింగ్ ఇంజిన్ వేరు, దృశ్యం వేరు, మెమొరీ వాడకం ఎక్కువ. ఒక చిప్‌కు సరిపోయిన గుణకం ఇంకో చిప్‌కు సరిపోదు. గీక్‌బెంచ్‌లోనూ అంతే: 5వ వెర్షన్‌లో 1,000 అంటే కోర్ ఐ3-8100, 6వ వెర్షన్‌లో 2,500 అంటే కోర్ ఐ7-12700. ఆధారమే మారింది. ఆర్23ని ఇప్పటికీ దింపుకోవచ్చు కదా, కొత్త లాప్‌టాప్ మీద మీరే 10 నిమిషాలు నడపండి. లాగ్‌తో పాటు బయోస్ వెర్షన్, గది ఉష్ణోగ్రత, మెమొరీ స్టిక్‌లు ఎన్నో ఇక్కడ పెట్టండి, వాట్ల గీత చూసి పీఎల్1 ఎంత పెట్టారో చెప్పేయొచ్చు.